పాత ఫోటోషాప్ కొత్త కంప్యూటర్‌లో ఎందుకు నడవదు? ముప్పై ఐదేళ్ళ కథ

మీ ఊళ్ళో ఇరవై ఏళ్ళ నాటి ఫోటో స్టూడియో ఏదైనా ఇంకా ఉంటే ఓసారి లోపలికి వెళ్ళి చూడండి. ముందు కౌంటర్ మీద కొత్త కంప్యూటర్ ఉంటుంది. వెనక గదిలో ఓ మూల ఇంకోటి ఉంటుంది, దుమ్ము పట్టిన డబ్బా లాంటిది. దానికి ఇంటర్నెట్ కనెక్షన్ ఉండదు. అప్‌డేట్ అనే మాటే ఉండదు. పిల్లల్ని దాని దగ్గరికి కూడా రానివ్వరు. ఎందుకండీ అంటే, "అది పోతే పాత ఆల్బమ్ డిజైన్లన్నీ పోయినట్టే బాబూ" అంటారు.

ఇక్కడ ఒక డౌట్ రావాలి మీకు. ఇనుము తుప్పు పడుతుంది, చెక్కకి చెద పడుతుంది, సరే. కానీ సాఫ్ట్‌వేర్ అంటే వట్టి అంకెలు కదా! 2002లో సీడీ మీద ఎక్కించిన అంకెలు ఇవాళ కూడా అవే అంకెలు. ఒక్కటి కూడా మారలేదు. మరి అప్పుడు పరిగెత్తిన ప్రోగ్రామ్ ఇప్పుడు ఎందుకు ఓపెన్ అవ్వదు?

ఈ ఎపిసోడ్‌లో దాని సంగతి చూద్దాం. దీనికి ఫోటోషాప్ చరిత్రే మంచి ఉదాహరణ. ఎందుకంటే ముప్పై ఐదేళ్ళలో దాని కింద నేల చాలాసార్లు కదిలింది.

కథ 1987లో మొదలవుతుంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో థామస్ నోల్ అనే పీహెచ్‌డీ విద్యార్థి ఉండేవాడు. ఆయన దగ్గర మ్యాక్ ప్లస్ అనే చిన్న కంప్యూటర్ ఉంది. దాని స్క్రీన్ మీద నలుపు, తెలుపు, ఈ రెండే. మధ్యలో బూడిద రంగు ఉండదు. ఆ స్క్రీన్ మీద గ్రే షేడ్స్ ఉన్న ఫోటో చూపించడానికి ఆయన చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. దాని పేరు 'డిస్‌ప్లే'. వాళ్ళ తమ్ముడు జాన్ నోల్ సినిమాలకి విజువల్ ఎఫెక్ట్స్ చేసే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ కంపెనీలో పని చేసేవాడు. అన్న ప్రోగ్రామ్ చూసి, దీన్ని పెద్దది చేద్దాం రా అన్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి దాన్ని పెంచారు. మొదట కొన్ని కాపీలు బార్నీస్కాన్ అనే స్కానర్‌తో పాటు అమ్ముడుపోయాయి. తర్వాత అడోబీ కంపెనీ తీసుకుంది. 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్ 1.0 వచ్చింది. మ్యాక్‌కి మాత్రమే, విండోస్‌కి లేదు.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. 2013లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఫోటోషాప్ 1.0.1 సోర్స్ కోడ్‌ని అడోబీ అనుమతితో అందరికీ బయటపెట్టింది. 179 ఫైళ్ళు, సుమారు 1,28,000 లైన్లు. అందులో ముప్పావు వంతు పాస్కల్ భాష. మరో 15 శాతం దాకా 68000 అనే మోటరోలా ప్రాసెసర్‌కి నేరుగా ఇచ్చిన ఆదేశాలు. ఆ ప్రాసెసర్‌కి తప్ప ఇంకో దానికి ఆ ఆదేశాలు అర్థం కావు. ఇంకో విషయం. ఆ కోడ్‌లో ఒక ముక్క లేదు. 'మ్యాక్ యాప్' అని ఆపిల్ ఇచ్చిన ఒక లైబ్రరీ. విండోలు గీయడం, మెనూలు తెరవడం లాంటి పనులకి ఫోటోషాప్ దాని మీదే ఆధారపడింది. అది ఆపిల్‌ది కాబట్టి మ్యూజియం ఇవ్వలేకపోయింది. అంటే ప్రపంచ ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేర్ కోడ్ మొత్తం మన చేతికి వచ్చినా, అది ఒక్కటే పెట్టుకుని నడిపించలేం.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. ఏ ప్రోగ్రామ్ అయినా మూడింటి మీద నిలబడుతుంది. ఒకటి, ప్రాసెసర్. రెండు, ఆపరేటింగ్ సిస్టమ్. మూడు, తయారు చేసిన కంపెనీ ఇచ్చే అనుమతి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి జరిగినా ప్రోగ్రామ్ పడిపోతుంది. ఒక్కోటీ చూద్దాం.

మొదటిది ప్రాసెసర్. 1994లో ఆపిల్ పాత మోటరోలా చిప్‌లు వదిలేసి పవర్‌పీసీ చిప్‌లకి మారింది. మరి పాత ప్రోగ్రామ్‌లు? వాటి కోసం సిస్టమ్‌లోనే ఒక దుబాసీని పెట్టింది. ప్రోగ్రామ్ పాత భాషలో మాట్లాడుతుంటే, అది కొత్త చిప్‌కి అర్థమయ్యేలా చెబుతుంది. దీన్నే ఎమ్యులేటర్ అంటారు. 2006లో ఆపిల్ మళ్ళీ మారింది, ఈసారి ఇంటెల్‌కి. మళ్ళీ ఒక దుబాసీ, దాని పేరు రోజెట్టా. అప్పుడు మార్కెట్‌లో ఉన్న ఫోటోషాప్ సీఎస్2 కొత్త ఇంటెల్ మ్యాక్‌లో నేరుగా నడవదు. రోజెట్టా ద్వారా నడుస్తుంది, కాకపోతే నెమ్మదిగా. మధ్యలో మనిషి ఉంటే సంభాషణ ఆలస్యం అవుతుంది కదా, అలాగన్నమాట. డబ్బు పెట్టి కొత్త కంప్యూటర్ కొంటే, ఫోటోషాప్ పాత కంప్యూటర్ మీదకంటే స్లోగా నడిచిన సందర్భాలు ఉన్నాయి. 2007లో సీఎస్3 వచ్చాకే డిజైనర్లు ఊపిరి పీల్చుకున్నారు.

ఈ దుబాసీ ఎప్పటికీ ఉండడు. అది కూడా గుర్తుంచుకోవాలి. 2011లో మ్యాక్ ఓఎస్ లయన్ వచ్చినప్పుడు ఆపిల్ రోజెట్టాని తీసేసింది. ఆ రోజు అప్‌డేట్ బటన్ నొక్కినవాళ్ళకి సీఎస్2 ఆగిపోయింది. ప్రోగ్రామ్‌లో ఏ లోపమూ లేదు. మధ్యలో మాట్లాడే మనిషి వెళ్ళిపోయాడు, అంతే. 2020లో ఆపిల్ సొంత చిప్‌లకి మారినప్పుడు రోజెట్టా 2 వచ్చింది. దీనికీ ఒక రోజు అదే గతి పడుతుంది.

రెండోది ఆపరేటింగ్ సిస్టమ్. మన దగ్గర ఎక్కువ మంది వాడింది విండోస్ కాబట్టి దాని సంగతి చూద్దాం. విండోస్ 3.1 రోజుల్లో ప్రోగ్రామ్‌లు 16 బిట్‌వి. విండోస్ 95 నుంచి 32 బిట్ మామూలైంది. ఆ తర్వాత 64 బిట్ వచ్చింది. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రామ్ నడుస్తుంది, 16 బిట్ ప్రోగ్రామ్ నడవదు. విండోస్ 11 అయితే 64 బిట్‌లో మాత్రమే దొరుకుతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1990ల్లో వచ్చిన చాలా సాఫ్ట్‌వేర్‌లు 32 బిట్‌వే, కానీ వాటి సెటప్ ఫైల్ మాత్రం 16 బిట్. అంటే ఇంట్లోకి రాగలిగితే హాయిగా ఉండగలిగిన మనిషే, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మనం సీడీ పెట్టి సెటప్ నొక్కుతాం, ఎర్రర్ వస్తుంది, "ఇది పనికిరాదు" అని పక్కన పడేస్తాం. నిజానికి లోపలి ప్రోగ్రామ్ నడిచేదే.

ఇంకో మార్పు 2007లో విండోస్ విస్టాతో వచ్చింది. అంతకుముందు ఏ ప్రోగ్రామ్ అయినా సీ డ్రైవ్‌లో ఎక్కడ పడితే అక్కడ రాసుకునేది. తన సెట్టింగ్స్, తాత్కాలిక ఫైళ్ళు, అన్నీ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే పడేసేది. వైరస్‌లు కూడా అదే దారిలో వచ్చేవి. విస్టా ఆ తలుపు మూసింది. మంచి పనే. కాకపోతే పాత ప్రోగ్రామ్‌లకి ఆ సంగతి తెలీదు కదా! అవి పాత అలవాటు కొద్దీ అక్కడే రాయబోతాయి, కుదరదు, మూసుకుపోతాయి. మన కంప్యూటర్ షాపు అన్న రైట్ క్లిక్ కొట్టి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని పెడితే టక్కున పనిచేస్తుంది చూడండి, దాని వెనక కథ ఇదే.

మరీ విచిత్రమైనది ఇంకోటి చెప్తాను. 2018లో విండోస్ 10కి ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఆ తర్వాత ఫోటోషాప్ సీఎస్6 వాడేవాళ్ళలో కొందరికి ప్రిఫరెన్సెస్‌లో ఒక మెసేజ్ వచ్చింది. 96కీ 8కీ మధ్య ఒక పూర్ణాంకం ఇవ్వమని! ఎనిమిది నుంచి తొంభై ఆరు అంటే అర్థముంది. తొంభై ఆరు నుంచి ఎనిమిది ఏంటి? జరిగిందేంటంటే, కంప్యూటర్‌లో ఎంత ర్యామ్ ఉందో ఆ ప్రోగ్రామ్ సరిగ్గా చదవలేకపోయింది. బోలెడంత ర్యామ్ ఉన్న మెషీన్‌లో కూర్చుని లెక్క తప్పింది. దానికి విరుగుడు, విండోస్ రిజిస్ట్రీలో "నీకు ఇంత ర్యామ్ ఉంది" అని చేత్తో ఒక అంకె రాసి పెట్టడం.

ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసే కంపెనీ మాట మారిస్తే ఎలా ఉంటుందో కూడా చూడండి. పాత మ్యాక్ ప్రోగ్రామ్‌లు కొత్త మ్యాక్ ఓఎస్ ఎక్స్‌లో నడవడానికి ఆపిల్ 'కార్బన్' అనే వంతెన వేసింది. ఫోటోషాప్ దాని మీదే నడిచింది. ఆ కార్బన్‌కి 64 బిట్ కూడా ఇస్తామని 2006లో చెప్పిన ఆపిల్, 2007లో ఇవ్వం అంది. దాంతో ఏమైంది? 2008లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్4 విండోస్‌లో 64 బిట్ అయింది, పుట్టిల్లు లాంటి మ్యాక్‌లో కాలేదు. మ్యాక్ వాళ్ళు 2010లో సీఎస్5 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనా 32 బిట్ ప్రోగ్రామ్‌లని పూర్తిగా ఆపేసింది. ఆపిల్ తన సొంత ఫోటో సాఫ్ట్‌వేర్ 'అపర్చర్'ని కూడా ఒడ్డున పడేసింది. సిస్టమ్ వాళ్ళదే, ప్రోగ్రామ్ వాళ్ళదే, అయినా బతకలేదు.

ఇక మూడోది, అనుమతి. నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. ప్రాసెసర్ మారితే దుబాసీని పెట్టుకోవచ్చు. సిస్టమ్ మారితే ఏదో ఒక ఉపాయం చేయొచ్చు. కానీ ప్రోగ్రామ్ మొదలయ్యే ముందు "నేను నడవొచ్చా?" అని కంపెనీ సర్వర్‌ని అడుగుతుంటే, ఆ సర్వరే లేకపోతే?

2005లో వచ్చిన సీఎస్2 ఇన్‌స్టాల్ చేశాక ఇంటర్నెట్ ద్వారా యాక్టివేట్ చేయాలి. దాని సర్వర్‌లని అడోబీ ఆపేసింది. డబ్బులు పెట్టి కొన్నవాళ్ళు రేపు హార్డ్ డిస్క్ మార్చి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకుంటే ప్రోగ్రామ్ ఓపెన్ అవ్వదు. అందుకని 2013 జనవరి నాటికి యాక్టివేషన్ అక్కర్లేని సీఎస్2ని, సీరియల్ నంబర్‌తో సహా వెబ్‌సైట్‌లో పెట్టింది. ప్రపంచమంతా "అడోబీ ఫోటోషాప్ ఫ్రీగా ఇచ్చేసింది" అని ఎగబడింది. కాదు మొర్రో, ఇది ఆల్రెడీ కొన్నవాళ్ళకి మాత్రమే అని కంపెనీ చెప్పుకోవాల్సి వచ్చింది. అదే 2013లో అడోబీ కొత్త ఫోటోషాప్‌ని డబ్బాలో అమ్మడం మానేసి నెలవారీ చందాకి మార్చింది. ఇప్పుడు చందా కడితే నడుస్తుంది, ఆపేస్తే ఆగుతుంది. సొంత ఇంట్లోంచి అద్దె ఇంట్లోకి వచ్చాం అన్నమాట.

ఈ మూడు తిప్పలూ చూశాక, వేరే దారిలో వెళ్ళినవాళ్ళ గురించి కూడా చెప్పాలి. 1995లో బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 'గింప్' అనే ఫోటో ఎడిటర్ మొదలుపెట్టారు. కోడ్ అందరికీ తెరిచి ఇచ్చారు. మొదట్లో అది కూడా 'మోటిఫ్' అనే, డబ్బులు పెట్టి కొనాల్సిన లైబ్రరీ మీద ఆధారపడింది. ఇలా అయితే మన ప్రోగ్రామ్ మన చేతిలో ఉండదని, వాళ్ళే సొంతంగా ఒక లైబ్రరీ రాసుకున్నారు. అదే జీటీకే. ఇవాళ లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ మొత్తం దాని మీదే నిలబడింది. గింప్ 3.0 వర్షన్ 2025లో వచ్చింది. ముప్పై ఏళ్ళ నాటి ప్రోగ్రామ్ ఇవాళ్టి కంప్యూటర్‌లో నడుస్తోందంటే కారణం, కోడ్ తెరిచి ఉండటం, దాన్ని కొత్త సిస్టమ్‌లకి తగ్గట్టు మార్చేవాళ్ళు ఎప్పటికప్పుడు ఉండటం.

సరే, ఇంట్లో ఇప్పటికే పాత సాఫ్ట్‌వేర్ ఉంది. ఏం చేయాలి? ఒక వరుస చెప్తాను. ముందు అది ఎన్ని బిట్‌లదో, ఏ విండోస్ కాలందో కనుక్కోండి. 32 బిట్ అయితే ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌లో పాత విండోస్ పేరు ఎంచుకోండి. అప్పుడు విండోస్ ఆ ప్రోగ్రామ్‌కి "నేను పాత విండోస్‌నే" అని అబద్ధం చెబుతుంది. దాంతో కాకపోతే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడండి. అదీ కాకపోతే వర్చువల్ మెషీన్. అంటే కొత్త కంప్యూటర్ లోపలే ఒక పాత కంప్యూటర్‌ని సృష్టించి, అందులో పాత విండోస్ వేసి, దాని మీద పాత ప్రోగ్రామ్ నడపడం. మీ దగ్గర ఆ విండోస్ లైసెన్స్ ఉండాలి. ఇంకోటి, దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది, అందులో కన్నాలు పూడ్చేవాళ్ళు లేరు. స్టూడియో అంకుల్ ఆ మూల కంప్యూటర్‌కి నెట్ పెట్టకపోవడం చాదస్తం అనుకున్నాం కదా, ఆయన చేసింది కరెక్టే. ఎక్కడో దొరికిన క్రాక్ ఫైళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి, వాటితో పాటు ఏం వస్తుందో మీకు తెలీదు.

మన తెలుగువాళ్ళకి ఇంకో ముడి కూడా ఉంది. పెళ్ళి ఆల్బమ్‌లు, శుభలేఖలు, ఫ్లెక్సీలు, ఇవన్నీ చాలా ఏళ్ళు ఫోటోషాప్ 7, పేజ్‌మేకర్, అను ఫాంట్స్ కలిపి చేసినవే. ఆ పాత ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు టైప్ చేస్తే ఒత్తులు ఒక చోట, అక్షరాలు ఒక చోట పడేవి. అందుకని ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్‌లు వాడారు. చూడ్డానికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ గుర్తులు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే అమ్మమ్మ పేరు ఉండాల్సిన చోట పిచ్చి గీతలు కనిపిస్తాయి. కాబట్టి మనకి ప్రోగ్రామ్ ఒక్కటీ నడిస్తే చాలదు, ఆ ఫాంట్, ఆ కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ కూడా బతకాలి. మూల కంప్యూటర్ ఇంకా మూలనే ఉండటానికి అసలు కారణం ఇది.

"మాకేంటి, మేం ఫోన్‌లో ఎడిట్ చేసుకుంటాం" అంటారేమో. ఫోన్‌లోనూ ఇదే కథ, ఇంకా స్పీడ్‌గా. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు 32 బిట్ యాప్‌లన్నీ ఒక్క రాత్రిలో ఆగిపోయాయి. 2022లో పిక్సెల్ 7 తో ఆండ్రాయిడ్‌లోనూ 64 బిట్ యాప్‌లు మాత్రమే నడిచే ఫోన్ వచ్చింది. ఆండ్రాయిడ్ 14 అయితే మరీ పాతకాలం యాప్‌ని ఇన్‌స్టాల్ కూడా చేయనివ్వదు.

పికాసా గుర్తుందా? మీ ఇంట్లో అన్నయ్యనో బాబాయినో అడగండి. గూగుల్ 2004లో కొని, 2016లో ఆపేసింది. అందులో ఫోటోకి మీరు చేసిన మార్పులు ఫోటోలో చేరేవి కావు. ఫోల్డర్‌లో దాచిన ఒక చిన్న ఫైల్‌లో చేరేవి. సేవ్ నొక్కితేనే ఫోటోలోకి వచ్చేవి. సేవ్ నొక్కనివాళ్ళ ఎడిటింగ్ ఏళ్ళ తరబడి పికాసాలో తప్ప ఇంకెక్కడా కనిపించలేదు. ఇవాళ మీ ఫోన్‌లో చాలా ఎడిటింగ్ యాప్‌లు ఇలాగే ప్రాజెక్ట్‌లని తమ లోపలే దాచుకుంటాయి. యాప్ పోతే, ప్రాజెక్ట్ పోతుంది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌ని బతికించడం మన చేతిలో పూర్తిగా లేదు. ఫోటోని బతికించడం మాత్రం మన చేతిలోనే ఉంది. జేపెగ్ ప్రమాణం 1992 నాటిది. అప్పటి జేపెగ్ ఫోటో ఇవాళ మీ ఫోన్‌లో ఒక్క ట్యాప్‌తో తెరుచుకుంటుంది. అదే కాలం నాటి ప్రోగ్రామ్ తెరవాలంటే ఇంత కథ నడపాలి. ముఖ్యమైన ఎడిట్ అయిపోగానే జేపెగ్‌గానో, టిఫ్‌గానో, పీఎన్‌జీగానో ఒక కాపీ బయటకి తీసి పెట్టుకోండి. పీఎస్‌డీ ఫైల్ ఉంటే అది కూడా ఉంచండి, గింప్ లాంటివి చాలావరకు తెరవగలవు. అసలు ఫోటో మాత్రం ఎప్పుడూ డిలీట్ చేయకండి.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఊళ్ళో ఆ స్టూడియోకి వెళ్ళి, మీ అమ్మా నాన్నల పెళ్ళి ఆల్బమ్ ఫైళ్ళు ఇంకా ఉన్నాయా అని అడగండి. ఉంటే ఆ మూల కంప్యూటర్ ఆన్ చేయించి, ఒక్కో పేజీ జేపెగ్‌గా పెన్ డ్రైవ్‌లోకి తెచ్చుకోండి. అది ఆన్ అవుతున్నప్పుడే తెచ్చుకోండి. దొరికితే కింద కామెంట్‌లో రాయండి, ఏ వర్షన్‌లో చేశారో కూడా చెప్పండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.